ల్యాంపురూములో బ్లూటూత్

ఆ పొద్దు పదింటికి రోజారాణి లాప్‌టాప్‌ను తిట్టిన తిట్లు దానికి అర్థమై ఉంటే సిగ్గుతోని అదే బందయిపోతుండె. కానీ అది సిగ్గులేని జాతి. పరికరం దొరకలేదని స్క్రీను మీద ఐదోసారి రాసి సల్లగ కూసున్నది.

పదకొండున్నరకు ఇంటర్వ్యూ. రైతులు ఫోన్ చేసి పంటకు పురుగు పట్టింది, ఆకు ముడుచుకుంది అని మొత్తుకుంటే జవాబు చెప్పే ఉద్యోగం. ఇంట్ల కూసొనే చెయ్యొచ్చు. మెయిల్ల మాత్రం ఖరాఖండిగ రాసిండ్రు: కంప్యూటర్ నుంచే మాట్లాడాలె, మైకున్న హెడ్‌సెట్ పెట్టుకోవాలె, టైముకు మాట వినపడకపోతె అక్కడికే ఖతం. ఇంతకుముందు రెండుసార్లు ఖతమైంది. ఒకపాలి ఓపెన్‌కాస్టు గని సైరన్ మోగి, ఇంకోపాలి లాప్‌టాప్ లోపలి మైకు సచ్చి. ఆమె చెప్పిందంతా చేపపిల్ల నోరు తెరిచి మూసినట్టు కనపడ్డదంట అవతలోళ్లకు. మూడోసారి కూడ పోతె మల్ల పిలువరు.

ఈ ఉద్యోగం రాకపోతె పొయ్యి మీద గిన్నె ఎక్కదని కాదు. మొగుడు వీరేందర్ ఓపెన్‌కాస్టుల డంపర్ నడుపుతడు, జీతం మంచిగనే వస్తది. రోజారాణి కడుపుమంట వేరే. ఆ ఇంట్ల డ్యూటీ అంటే మగోళ్లదే. వీరేందర్ ఫస్టు షిఫ్టుకు పోతె ఇల్లంతా గడియారం దిక్కే చూస్తది. పావుగంట లేటైతె మామ పోయి గేటు కాడ నిలబడతడు. పెండ్లయి పదకొండేండ్లాయె, రోజారాణి కోసం ఒక్కరంటె ఒక్కరు గేటు కాడ నిలబడలే. ఎందుకు నిలబడతరు, ఆమె ఎటన్న పోతె గద! తన కోసం గూడ ఈ ఇల్లు ఒక్కపాలి ఎదురుచూడాలె. ఆమె కోరిక గంతే. మొగునికి చెప్తే నవ్వుతడని చెప్పలే.

ఇగ ఆ లాప్‌టాప్ సంగతి. మణుగూరుల మూతపడ్డ ఇంటర్నెట్ సెంటర్ కాడ తెచ్చిండు వీరేందర్. ఇయర్‌ఫోను పెట్టే బొక్కల ఎంతమంది ఎన్ని పొడిచిండ్రో, అది వదులై పనికిరాకుండ పోయింది. అందుకే వైరు లేని హెడ్‌సెట్ కొన్నది. బ్యాటరీ సచ్చి రెండేండ్లు, కరెంటు వైరు పీకితే దాని ప్రాణం పోతది. లోపల ఉన్నది విండోస్ కాదు, లినక్స్. అది ఎక్కించిన మహానుభావుడు పక్క క్వార్టర్ శ్రీధర్. గనిల ఎలక్ట్రీషియన్. లినక్స్ పేరెత్తితే మనిషి పూనకం వచ్చినట్టు ఊగుతడు.

"విండోస్ అంటే కిరాయి ఇల్లు వదినా. లినక్స్ అంటే సొంతిల్లు. నచ్చిన గోడ కూలగొట్టుకోవచ్చు, నచ్చిన కిటికీ పెట్టుకోవచ్చు. లోపలి కోడంతా అందరికి బాజాప్తా చూపిస్తరు, దాన్నే ఓపెన్ సోర్స్ అంటరు, దాపరికమే లేదు!" అని ఎక్కించిన్నాడు చెప్పిండు.

"నల్లా కారితే?" అని అడిగింది రోజారాణి అప్పుడు.

"మనమే బాగు చేసుకుంటం" అన్నడు గర్వంగ.

ఇయ్యాల నల్లా కారుతున్నది. బాగు చేసెటోడేమో కాలు విరిగి మంచంల పడ్డడు. ఓపెన్ సోర్స్ గొప్పతనం ఎవలికో వివరించుకుంట నడిచి మోరీల పడ్డడని ఎదురింటి సైదమ్మ చెప్తది. వాన పడి మెట్టు మీద కాలు జారిందని ఆయన చెప్తడు. ఏదైతేనేం, మోకాలి దాక పట్టి, ఫోను మోరీలనే పోయింది. లేవలేడు. అందుకని పెరట్ల మంచమేసుకొని పండుకొని, గోడ అవతలి నుంచి కేకలేసి చెప్తున్నడు. రోజారాణి నడిమింట్ల ఉన్న లాప్‌టాప్ కాడికి ఉరకాలె, చేసి మల్ల పెరట్లకు ఉరికి తర్వాతది వినాలె.

"టెర్మినల్ తెరువు వదినా! నల్లగ వస్తది, భయపడకు! బ్లూటూత్ సీటీయల్ అని కొట్టు! పవర్ ఆన్! స్కాన్ ఆన్! హెడ్‌సెట్ బటన్ ఏడు సెకండ్లు ఒత్తి పట్టుకో, ఎరుపు నీలం లైట్లు మినుకుమినుకు మనాలె! గప్పుడే కంప్యూటర్‌కు దొరుకుతది!"

ఆమె ఒత్తింది. ఎరుపు, నీలం మినుకుమన్నయి. హెడ్‌సెట్ బల్ల మీద పెట్టి స్కాన్ కొట్టి, తర్వాత ఏం చెయ్యాల్నో అడుగుదామని పెరట్లకు ఉరికింది.

"ఇప్పుడు లిస్టు వస్తది! దాంట్ల నీ హెడ్‌సెట్ పేరు పట్టుకొని పెయిర్ చెయ్, ట్రస్ట్ చెయ్, కనెక్ట్ చెయ్!"

"ఎవలను నమ్మాల్నంటున్నడే?" అని రోడ్డు అవతల నుంచి సైదమ్మ అడిగింది. ఈ లైన్ల క్వార్టర్లల్ల గోడలు ఉన్నయన్న పేరే గానీ ఎవలింట్ల తాలింపు పెట్టినా అందరికి తుమ్ములు వస్తయి.

"హెడ్‌సెట్‌ను, సైదమ్మత్తా!"

"నేనైతె శ్రీధర్‌నే నమ్మ" అన్నది సైదమ్మ.

లోపలికొచ్చి చూస్తే లిస్టు బారెడు వచ్చింది. లైన్ల ఉన్న టీవీలు, స్పీకర్లు, ఫోన్లు అన్ని వరుసగ నిలబడ్డయి. "కింగ్ ఆఫ్ పినపాక" అని ఒకటున్నది. ఆ కింగు మూడో క్వార్టర్ పగిడయ్య. పెండ్లానికి భయపడి బాత్‌రూంల నల్లా ఇప్పి ఫోన్ మాట్లాడే మనిషి. కింగు దొరికిండు గానీ హెడ్‌సెట్ దొరకలే. బల్ల మీద చూస్తే దాని లైటే లేదు. బుద్ధిగ, గడియారం ముల్లు తీరు సక్కగ పెట్టి ఉన్నది.

"లైటు ఆరింది శ్రీధర్!"

"రెండు నిమిషాలైతె అదే ఆరుతది వదినా! నువ్వు లేటు చేసినవ్! మల్ల ఒత్తు!"

మల్ల ఒత్తింది, మల్ల ఉరికింది, మల్ల వచ్చింది. మల్ల ఆరి ఉన్నది. ఈసారి లేటు చెయ్యలే, అర నిమిషం కూడ కాలే. డబ్బాల ఇచ్చిన కాగితం తీసి చదివింది. దాంట్ల హెడ్‌సెట్‌ను నీళ్లల్ల ముంచొద్దని ఎనిమిది భాషల్ల రాసిండ్రు, ఆరిపోతె ఏం చెయ్యాల్నో ఒక్క భాషల లేదు.

పదకొండయింది. ఓపెన్‌కాస్టు దిక్కు నుంచి బొగ్గు దుమ్ము లేసి కిటికీ మీద పడుతున్నది. తన నసీబే ఇంత అనుకున్నది రోజారాణి. వేంసూరుల డిగ్రీ చదివినప్పుడు క్లాసుల ఫస్టు, ఈడికొచ్చినంక ఒక బటన్‌తోని కూడ మాట పడుతున్నది. కండ్లల్ల నీళ్లు తిరిగినయి, కొంగుతోని తుడుచుకొని మల్ల ఒత్తింది.

ఈ నడుమ ఇంట్ల ఇంకో మనిషి ఉన్నడన్న సంగతి మనం మరిచినం. మామ పిచ్చయ్య. అత్త బతుకమ్మ పోయి నాలుగేండ్లయింది, అప్పటి నుంచి ఆయనకు రెండే పట్టింపులు. పన్నెండు కొట్టంగనే పళ్లెంల అన్నం పడాలె. ఇంట్ల ఏ లైటూ ఉత్తగ వెలగొద్దు. ముప్పై ఒక్కేండ్లు భూగర్భ గనిల ల్యాంపురూము చూసిండు మరి. గనిల దిగే ప్రతి మనిషి తన నంబరున్న ఇత్తడి బిళ్ల ఈయన చేతిల పెట్టాలె, ఈయన దాన్ని మేకుకు తగిలిచ్చి, టోపీకి పెట్టుకునే దీపం చూసి, తుడిచి ఇయ్యాలె. మనిషి పైకొచ్చి దీపం అప్పజెప్తే బిళ్ల వాపస్. ఒక్క బిళ్ల మేకుకు మిగిలి ఉన్నా మనిషి ఇంక కింద ఉన్నడని లెక్క, ల్యాంపురూము మూసెయ్యొద్దు. రిటైరై పదేండ్లయినా ఆ రివాజు ఒంట్ల నుంచి పోలే. టీవీ డబ్బా లైటు, ఇన్వర్టర్ లైటు, ఆఖరికి వీరేందర్ బండి ఇండికేటర్ మినుకుమన్నా లేసి పోయి చూసొస్తడు.

మూడోసారి రోజారాణి పెరటి గడప దాక పోయి, ఫోన్ల టైం చూద్దామని వెనక్కు తిరిగింది. నడిమింట్ల పిచ్చయ్య ఉన్నడు. అద్దాలు ముక్కు కొసకు దించి, హెడ్‌సెట్ కండ్ల కాడికి పట్టుకొని చూస్తున్నడు. నాలుక తోని చిచ్చిచ్చి అన్నడు. బొటనవేలితోని బటన్ ఒత్తి పట్టిండు. ఎరుపు పోయింది, నీలం పోయింది. తువ్వాల కొసతోని అటూ ఇటూ తుడిచి, బల్ల మీద సక్కగ పెట్టిండు.

"మామా!"

పదకొండేండ్లల్ల ఆ ఇంట్ల ఆ గొంతు ఎవలూ వినలే. గోడ అవతల శ్రీధర్ మంచం కిర్రుమన్నది.

"ఏం చేస్తున్నరు మామా? ఎన్నిసార్లు ఆర్పిండ్రు?"

"ఇది మూడోపాలి" అన్నడు పిచ్చయ్య, తప్పు చేసినట్టు కాదు, హాజరు చెప్పినట్టు.

"ఎందుకు ఆర్పుతున్నరు? నా మీద ఏమన్న పగనా? నేను ఉద్యోగం చేస్తే మీ మీసం వంకరపోతదా? గంట నుంచి కుక్క తీరు ఉరుకుతున్న, కనపడతలేదా మీకు? ఇంకో ఇరవై నిమిషాలే ఉన్నయి! నా బతుకు ఆర్పిండ్రు గదా!"

రోడ్డు అవతల సైదమ్మ పొరక కూడ ఆగిపోయింది.

పిచ్చయ్య కోడలి మొఖం దిక్కు చూసిండు. హెడ్‌సెట్ దిక్కు చూసిండు. "మినుకుమంటున్నది బిడ్డా" అన్నడు మెల్లగ. "లూజు కాంటాక్టు. మినుకుమనే దీపం ఇచ్చి మనిషిని దించొద్దు. నీకు ఇయ్యాల పెద్ద పని ఉన్నదని ఎరికె. నడుమల ఆరిపోతె ఎట్ల? గందుకే ఆర్పి పెడితే వీరేందర్ వచ్చినంక మార్పిస్తడని..."

"అది లూజు కాదు మామా..."

"హీరాలాల్ అని ఒకడుండె" అన్నడు పిచ్చయ్య. ఆమె మాట చెవిన పడలే. "లేటయిందని ఉరికొచ్చిండు. దీపం మినుకుమంటున్నదిరా, ఆగు, ఇంకోటి ఇస్త అన్న. ఏం కాదు పిచ్చన్నా అని గుంజుకున్నడు. నేను ఇడిసిన. కింద ఆరిపోయింది. చీకట్ల గోడ పట్టుకొని నాలుగు గంటలు కూసున్నడు. అరిచి అరిచి గొంతు పోయింది. పైకొచ్చినంక నన్ను ఒక్క మాట అనలే. అంటే మంచిగుండు."

రోజారాణికి కోపం, ఏడుపు, జాలి మూడు ఒక్కసారే ముంచుకొచ్చినయి. మూడింటికి టైం లేదు. ముసలాయన పగతోని కాదు, తనను చీకట్ల దించొద్దని ఆర్పిండు. ఆ సంగతి మనసుకు ఎక్కినా గడియారం ఆగతలేదు.

"మామా, ఇనుండ్రి. ఇది పాడై మినుకుమంటలేదు. నేను ఈడున్న, నన్ను పట్టుకో అని కంప్యూటర్‌ను పిలుస్తున్నది. దొరికినంక మినుకుమనుడు ఆగుతది, నీలం లైటు నిలబడతది."

పిచ్చయ్య అద్దాలు పైకి జరుపుకున్నడు. "పిలుస్తున్నదా? గట్లని ముందే చెప్పొద్దా!" అని హెడ్‌సెట్ చేతికి తీసుకున్నడు. "నువ్వు పో, కంప్యూటర్ కాడ కూసో. దీపం సంగతి నేను చూసుకుంట."

ఒకటి, రెండు, మూడు అని గట్టిగ లెక్కపెట్టుకుంట బటన్ ఒత్తిండు. ఏడుకు ఎరుపు నీలం వచ్చినయి. రోజారాణి స్కాన్ కొట్టింది. కింగ్ ఆఫ్ పినపాకకు కింద, సైదమ్మ టీవీకి పైన, హెడ్‌సెట్ పేరు వచ్చి నిలబడ్డది. పెయిర్. ట్రస్ట్. కనెక్ట్. మినుకుమనుడు ఆగి నీలం లైటు నిలిచింది.

"దొరికింది!" అని మామ, కోడలు ఒక్కసారే అరిచిండ్రు.

"నేను చెప్పలేదా!" అన్నడు గోడ అవతల శ్రీధర్, అంతా తానే చేసినట్టు.

మామ చేతిల ఉన్న హెడ్‌సెట్‌కు చెవి పెట్టి చూసింది రోజారాణి. "సప్పుడు వినపడుతున్నది, మైకుల మాట పోతలేదు శ్రీధర్!"

"సౌండ్ సెట్టింగులకు పో! ప్రొఫైల్ అని ఉంటది, హెడ్‌సెట్ అన్నది పెట్టు! మైకు వస్తది గానీ సౌండ్ జర ఖరాబైతది, రేకు డబ్బాల నుంచి మాట్లాడినట్టు! రెండూ మంచిగ కావాల్నంటే కుదరదు!"

"ఇదేనా నీ సొంతిల్లు?"

"సొంతిల్లు అన్న గానీ బంగ్లా అన్ననా వదినా!"

మైకు వచ్చింది. పదకొండు ఇరవై ఎనిమిది. రోజారాణి చెయ్యి చాపితే పిచ్చయ్య హెడ్‌సెట్ ఇయ్యలే. "బిళ్ల?" అన్నడు.

"ఏం బిళ్ల మామా! రెండు నిమిషాలే ఉన్నయి!"

"బిళ్ల లేకుంట దీపం ఇయ్య. ముప్పై ఒక్కేండ్లల్ల మేనేజర్‌కు కూడ ఇయ్యలే." మొలతాడుకు కట్టుకున్న ఇత్తడి బిళ్ల ఇప్పిండు. ఆయన సొంత నంబరు, 418. రిటైరైన్నాడు పోయిందని కంపెనీకి రాసిచ్చి దాచుకున్నది. దాన్ని క్యాలెండర్ మేకుకు తగిలిచ్చి, హెడ్‌సెట్‌ను ఇంకోపాలి తువ్వాలతోని తుడిచి, కోడలి చేతిల పెట్టిండు. ముసలాయనను ఎత్తి మోరీల వెయ్యాలనిపించింది రోజారాణికి. హెడ్‌సెట్ నెత్తికి పెట్టుకొని తలుపు దగ్గరికేసింది.

అవతల భార్గవి అని ఒక మేడం. మాట రేకు డబ్బాల నుంచే వచ్చింది గానీ వచ్చింది. ముందు చదువు అడిగింది, ఊరు అడిగింది. తర్వాత, "నేను చండ్రుగొండ రైతును. మిర్చి ఆకు ముడుచుకుంటున్నది. కోపంగ ఉన్న. నాకు చెప్పండి" అన్నది.

"అన్నా, ముందు జర నిమ్మలపడు" అని మొదలుపెట్టింది రోజారాణి. "ఆకు పైకి ముడిచిందా, కిందికి ముడిచిందా? పైకైతె తామర పురుగు, కిందికైతె నల్లి. చూసి చెప్పు, నేను లైన్లనే ఉంట."

మేడం ఏదో రాసుకున్నది. అదే టైముకు బయట గేటు సప్పుడైంది. ఏమైందో చూసిపోదామని సైదమ్మ రానే వచ్చింది. తలుపు సందుల నుంచి మామ గొంతు వినపడ్డది. గుసగుస అనుకొని చెప్తున్నడు గానీ, ల్యాంపురూము పక్క మిషన్ల మోతల ముప్పై ఏండ్లు అరిచిన మనిషి గుసగుస ఫర్లాంగు దాక పోతది.

"లోపలికి పోవద్దు. మనిషి కింద ఉన్నది."

మేడం రాసుడు ఆపింది. "కింద ఉన్నది అంటున్నరు? ఎవరండి? ఏమైనా ప్రాబ్లమా?"

మూడోసారి కూడ పోయింది అనుకున్నది రోజారాణి. సైరన్ పోయి, మైకు పోయి, ఇప్పుడు మామ వచ్చిండు. అబద్ధం ఏం చెప్పాల్నో తోచలే. అందుకని నిజమే చెప్పింది.

"మా మామ మేడం. గనిల పనిచేసిండు. నేను డ్యూటీల ఉన్న అని చెప్తున్నడు, ఎవలను రానిస్తలేడు."

రేకు డబ్బాల నుంచి నవ్వు వినపడ్డది. "మంచిగుంది. మా ఇంట్లనైతె నేను మీటింగుల ఉన్నప్పుడే మిక్సీ వేస్తరు" అన్నది భార్గవి మేడం. "సరే, ఇప్పుడు పత్తి రైతును."

పత్తి అయింది, వరి అయింది, వానకు పడిపోయిన మక్కజొన్న కూడ అయింది. రోజారాణి తలుపు తీసేటాళ్లకు పన్నెండు నలభై.

పిచ్చయ్య గేటు కాడ ఉన్నడు. స్టూలు కూడ వేసుకోలే, గేటు చువ్వ పట్టుకొని నిలబడే ఉన్నడు, వీరేందర్ లేటైన్నాడు నిలబడ్డట్టు. మొఖం మాత్రం రోడ్డు దిక్కు లేదు. ఇంటి తలుపు దిక్కున్నది. కోడలిని చూడంగనే మోకాళ్లు పట్టుకుంట లోపలికి నడిచొచ్చిండు. ఏమైంది, వచ్చిందా, పోయిందా అని ఒక్క మాట అడగలే. చెయ్యి చాపిండు.

ఆమె హెడ్‌సెట్ తీసి ఇచ్చింది. అటూ ఇటూ తిప్పి చూసిండు, బటన్ ఒత్తి ఆర్పిండు, తుడిచి, చార్జింగు పెట్టిండు. అది ఎక్కుతున్నదా లేదా అని వంగి చూసినంక మేకు కాడికి పోయి బిళ్ల తీసి ఆమె అరచేతిల పెట్టిండు. ఇత్తడి కిటికీ ఎండకు ఎచ్చగున్నది.

"ఏ షిఫ్టు?" అన్నడు.

"సోమారం నుంచి చెయ్యమన్నరు మామా. ఫస్టు షిఫ్టు." ఆ మాట నోట్ల నుంచి రాంగనే ఆమెకు ఏడుపొచ్చింది. ఈసారి తుడుచుకోలే.

"సైదమ్మా! మనిషి పైకొచ్చింది!" అని మామ లైనంతా వినపడేటట్టు కేకేసిండు.

"లినక్స్‌తోనే!" అని గోడ అవతల నుంచి వచ్చింది.

అప్పుడు చూసింది రోజారాణి. వంటింటి గడప కాడ పీటలు రెండు వేసి ఉన్నయి, పళ్లేలు రెండు బోర్లించి ఉన్నయి. కుండల అన్నం కదలలే. పన్నెండు మీద ఐదు నిమిషాలైతె పళ్లెం ఎగరేసే మనిషి.

"తినలేదా మామా?"

"ఎట్ల తింట?" అన్నడు పిచ్చయ్య, ఇది కూడ అడుగుతరా అన్నట్టు. "నువ్వు ఇంక రాలే గద."

ఆమె బిళ్ల కొంగుకు ముడేసుకొని, పళ్లేలు తిప్పి, ఇద్దరికి అన్నం పెట్టింది.